మొదటి కట్టు

కిందటి వారం మేడ మీది గులాబీని పెద్ద కుండీలోకి మారుద్దామని మట్టి వదులుచేసి, మొదలు పట్టుకుని పైకి తీశాను. వేరూ కాండమూ కలిసేచోట, సరిగ్గా మట్టి అంచున, నిమ్మకాయంత గడ్డ ఒకటి మొక్కను అంటిపెట్టుకుని ఉంది. పైన గోధుమరంగు, కాలీఫ్లవర్‌లా గరుకు. గోటితో గీరితే లోపల తెల్లగా, మెత్తగా. హనుమాన్ జంక్షన్‌లో మా పక్కింటావిడ తమ మేడ మీద బట్టలు ఆరవేస్తూ ఇటు చూసి, "దిష్టండీ అది. అంత ఎర్రగా పూసింది కదా, వీధిలో అందరి కళ్ళూ దాని మీదే," అంది. వయసు మీదపడ్డాక నాకు కోపం తగ్గిందని మా పిల్లలు చెప్పుకుంటున్నారు. తగ్గలేదు, కాస్త ఆలస్యంగా వస్తోంది అంతే. ఆవిడ వైపు తిరగకుండా గడ్డ మీది మట్టి దులిపాను. ఆ గడ్డ నాకు కొత్తది కాదు. దాదాపు నలభై ఏళ్ళ కిందట ఇలాంటి గడ్డే ఒక మనిషి చేతిలోని పని లాగేసుకుంది. ఆ పనిని ఆమెకు తిరిగి ఇప్పించడానికి మా బాబాయి చేసిన యుద్ధంలో నేనూ ఉన్నాను. గెలిచామనే అనుకున్నాం.

మా బాబాయి నూజివీడులో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాడు. సాయంత్రాలు చుట్టుపక్కల ఊళ్ళ సభల్లో మాట్లాడేవాడు. జాతకాలు, ముహూర్తాలు, పూనకాలు, తాయెత్తులు, ఆయన నోట్లో పడి నలగనిది లేదు. పనిగట్టుకుని రాహుకాలంలో పెళ్ళి చేసుకుని, ఆ సంగతి ప్రతి సభలోనూ ఒకసారి గుర్తుచేసేవాడు. ముందు వరసలో కూర్చున్న పిన్ని ప్రతిసారీ "అందుకే ఇలా ఏడిచింది" అని నాకు మాత్రమే వినపడేట్టు గొణిగేది. వాళ్ళు అద్దెకున్న ఇంట్లో గోడలో దేవుడి గూడు ఒకటి ఉండేది. బాబాయి అందులో సీసాల నిండా స్పిరిట్ పోసి మొక్కల గడ్డలు పెట్టుకున్నాడు. ఇంటికొచ్చిన చుట్టాలు అలవాటుకొద్దీ అటు తిరిగి దండం పెట్టి, కళ్ళు తెరిచి సీసాలు చూసి ఉలిక్కిపడేవారు. నేను కాలేజీలో ఆయన విద్యార్థిని, ఇంట్లో ఆయన అన్న కూతురిని, సభల్లో ఆయన సంచీ మోసే శిష్యురాలిని. మా పెద్దమ్మకు ఇది బొత్తిగా నచ్చేది కాదు. "దేవుడు లేడనే సభలకి పిల్లను తిప్పితే రేపు దీని గతేంటయ్యా?" అనేది. "ఉంటే ఆయనే చూసుకుంటాడులే వదినా," అనేవాడు బాబాయి. ఆ వదినా మరుదులు అలా పోట్లాడుకోవడం మాకు పండగలా ఉండేది. వాళ్ళిద్దరి మధ్యా నవ్వులేని పోట్లాట నేను ఒక్కటే చూశాను.

నూజివీడు నుంచి మైలవరం పోయే దారిలో పెదనాన్నకు నర్సరీ ఉండేది. బోర్డు మీద పెదనాన్న పేరు, లోపల పెద్దమ్మ మాట. వానాకాలమంతా మామిడి అంట్లు, బంగినపల్లి, రసాలు; చలి మొదలయ్యాక గులాబీలు. ఇప్పటికీ ఎక్కడైనా తడిసిన పశువుల ఎరువు వాసన వస్తే నాకు ఆ తాటాకు పందిళ్ళ కింది చల్లదనం ఒంటికి తగులుతుంది. వెనకాల తోటలో మామిడి పూతకొచ్చే రోజుల్లో తేనెమంచు పురుగు వాలి, ఆకుల మీద జిగురు కారి, చెట్ల కింద నడిచివస్తే చెప్పులు నేలకు అతుక్కునేవి. పెద్దమ్మ ఏది నాటినా బతుకుతుందని ఊళ్ళో పేరు. మా వైపు దాన్ని హస్తవాసి అంటారు. డాక్టరుకు హస్తవాసి ఉండాలి, విత్తనం చల్లేవాడికి ఉండాలి, అంటు కట్టేవాళ్ళకు మరీ ఉండాలి. అంట్ల కాలం మొదలయ్యే రోజున ఇంటి కత్తిని దేవుడి ముందు పెట్టి, పెద్దమ్మ మొదటి కోత కోసి మొదటి కట్టు కట్టేది. ఆపైన ఆ ఒక్క కత్తే చేతులు మారుతూ అందరి దగ్గరకూ వెళ్ళేది. దాన్ని సాన పట్టేవారు గాని కడిగేవారు కాదు. నిప్పు దగ్గరకు అసలే పోనిచ్చేవారు కాదు. కడిగితే హస్తవాసి పోతుందట. మంచి చేతిలోంచి కత్తిలోకి, కత్తిలోంచి మొక్కలోకి ఏదో దిగుతుందని వాళ్ళ నమ్మకం. దిగుతున్న మాట నిజమే. అది హస్తవాసి కాదని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆ కాలమంతా రోజూ పొద్దున్న కూడా మొదటి కట్టు ఒక మంచి చెయ్యే కట్టాలి. పెద్దమ్మ వంటింట్లో ఉండిపోయిన రోజున ఆ పని అక్కది. అక్క అంటే మా సొంత అక్క కాదు. బాపులపాడు వైపు నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చిన కూలి మనిషి. అక్కా అని వరసపెట్టి పిలవడానికి మా ఇంట్లో కులం అడ్డొచ్చేది కాదు. మంచినీళ్ళ గ్లాసు దగ్గర మాత్రం వచ్చేది. ప్లాస్టిక్ పట్టీ కొసను పళ్ళ మధ్య పట్టుకుని, రెండు చేతులతో కొమ్మనూ, దానికి అతికించే మొగ్గ కన్నునూ కలిపి, తల ఒక్కసారి పక్కకు తిప్పేది. అంతే, కట్టు బిగిసేది. ఆ పట్టీ పళ్ళలో ఉండగానే మాట్లాడేది కూడా. "అమ్మాయిగారూ, అది మీ జడ కాదు, అంత వదులుగా చుడితే ఊడి కింద పడుద్ది," అని నన్ను ఆటపట్టించేది. తన మొగుడు మామిడికాయలు కోసే కూలి. ఒక వేసవిలో కొమ్మ విరిగి చెట్టు మీంచి పడి చనిపోయాడు. అక్క కొన్నాళ్ళు ఇంటి పట్టున ఉండి, వానలు పడ్డాక మళ్ళీ పనిలోకి వచ్చింది. పట్టీ పళ్ళలో పెట్టుకున్నా ఇదివరకులా మాట్లాడేది కాదు.

ఆ చలికాలమే గులాబీల్లో గడ్డలు బయటపడ్డాయి. బెజవాడ పంపిన లోడు అలాగే తిరిగొచ్చింది. అనుమానం వచ్చి పందిట్లో మొక్కలు పీకి చూస్తే, ఏ వరస పీకినా గడ్డే. పెద్దమ్మ అరవలేదు, ఏడవలేదు. గట్టు మీద కూర్చుని, "పోయినేటి దాకా లేనిది ఈ ఏడు ఎందుకొచ్చింది? మారిందేంటి?" అంది. నేను ఇన్నేళ్ళుగా ఎన్నో వాదోపవాదాలు విన్నాను గాని, ఇంతకంటే శాస్త్రీయమైన ప్రశ్న అరుదుగా విన్నాను. జవాబు కోసం మొక్క వైపు చూడాల్సింది. అందరూ మనిషి వైపు చూశారు. బొట్టు లేని ఆ నుదుటి వైపు చూశారు. మర్నాడు అక్క వస్తే మట్టి జల్లించమన్నారు. ఆ మర్నాడు రావద్దన్నారు. అంట్లు కట్టే మనిషికి ఈ నర్సరీ కాకపోతే ఇంకొకటి అనుకున్నాను నేను. కానీ చెడ్డ చెయ్యి అన్న మాట ఆమె కంటే ముందే నడిచి వెళ్ళి అన్ని గేట్ల దగ్గరా నిలబడింది. నూజివీడు చుట్టూ ఒక్కరూ ఆమె చేతికి పట్టీ ఇవ్వలేదు. చిన్న కొడుకును వెంటబెట్టుకుని పుట్టింటి వైపు వరికోతలకు పోయింది.

సంగతి నేను చెబితే బాబాయి ముందు నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ ఆదివారమే నర్సరీకి వచ్చి పెద్దమ్మ ఎదురుగా నిలబడ్డాడు.

"వదినా, ఆ గడ్డ మనిషి చెయ్యి తగిలితే రాదు. మట్టిలో ఉండే సూక్ష్మజీవి వల్ల వస్తుంది. దాన్ని మొక్క నుంచి మొక్కకి మోస్తున్నది నీ ఇంటి కత్తి."

"ఇన్నేళ్ళూ ఇదే కత్తి కదయ్యా. అప్పుడు రాని గడ్డ ఇప్పుడొచ్చిందేం? కత్తి మారలేదు, మనిషి మారింది."

"మనిషి ఏం మారిందమ్మా? మొగుడు పోయాడు, అంతేగా. అది మొక్కకెలా తెలిసింది? అన్నయ్య పోయినేడు బయటి నుంచి కొత్త గులాబీలు తెచ్చాడా లేదా? రోగం వాటితో వచ్చుంటుంది."

"ఇవన్నీ మీ సభల్లో చెప్పు, చప్పట్లు కొడతారు. నాకు చెప్పడం కాదు, చూపించు."

బాబాయి కళ్ళు మెరిశాయి. సభల్లో ఎవరూ ఆయన్ని అంత మంచి మాట అడగలేదు. ఎండలు ముదిరితే ఆ గడ్డ సరిగా పుట్టదనీ, చలి ఉండగానే మొదలుపెట్టాలనీ తొందరపడ్డాడు. గులాబీల కంటే టమాటాలు త్వరగా చెబుతాయని ఆరోగ్యంగా ఉన్న టమాటా మొక్కల్ని కుండీల్లో పెట్టి నాలుగు వరసలు వేయించాడు. ఇంటి కత్తిని మరిగే నీళ్ళలో వేయడానికి పెద్దమ్మ ససేమిరా ఒప్పుకోలేదు. సరే, దాన్ని అలాగే ఉంచుదాం, ఎప్పటిలాగే గడ్డ గులాబీని కోసిన ఆ కత్తితోనే గాటు పెట్టమన్నాడు. బజారు నుంచి కొత్త కత్తి తెప్పించి, దాన్ని ఉడకబెట్టించాడు. ఒక వరసకు పెద్దమ్మ ఇంటి కత్తితో గాటు పెట్టాలి, ఇంకో వరసకు ఉడికిన కత్తితో. మిగిలిన రెండు వరసలకు అక్క కూడా అలాగే, ఒకటి ఇంటి కత్తితో, ఒకటి ఉడికిన కత్తితో. చెయ్యి చెడ్డదైతే అక్క వరసలు రెండూ పాడవ్వాలి. కత్తి చెడ్డదైతే ఎవరి చేతిలో ఉన్నా పాడు చేయాలి. ఇంతకంటే తేలిక లెక్క లేదు.

అక్కను పిలుచుకురావడానికి వెళ్ళింది నేనే. చేలో వంగి కోస్తున్న మనిషి కొడవలి పట్టుకునే నిలబడి విన్నది. "మళ్ళీ నన్ను అందరి ముందూ నిలబెట్టడం ఎందుకు అమ్మాయిగారూ?" అంది. వచ్చింది మాత్రం. ఉతికిన చీర కట్టుకుని వచ్చి, ఎవరూ అడక్కుండానే కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుంది. గాట్లు పెట్టడం అయ్యాక, అందరూ కదిలి వెళ్తుంటే, బాబాయిని అడిగింది.

"పెద్దమ్మగారు కోసినయ్యి బాగుండి, నేను కోసినయ్యే పాడైతే ఏం చేస్తారు బాబుగారూ?"

"మళ్ళీ జన్మలో సభలో నోరెత్తను."

"మీరు జన్మలుండవంటారుగా," అంది అక్క. మొగుడు పోయాక ఆమె హాస్యమాడటం నేను వినడం అదే మొదలు. వెంటనే ముఖం మారింది. "మీకైతే మాట పోద్ది బాబుగారూ. నాకు కూడు పోద్ది."

ఫలితం కోసం ఎదురుచూసిన ఆ వారాల్లోనే బాబాయి నాకు గడ్డ అంటే ఏమిటో చెప్పాడు. గూట్లోంచి ఒక సీసా తీసి కిటికీ వెలుగులో పెట్టుకుని చెప్పేవాడు. నేను అప్పటిదాకా గడ్డ అంటే బయటి నుంచి వచ్చిన విషం అనుకున్నాను. కాదన్నాడు. మొక్క తన పెరుగుదల కోసం తనే తయారుచేసుకునే పదార్థాలు ఉంటాయి. వాటిలో ఆక్సిన్ అనేది ఒకటి, సైటోకైనిన్ అనేది ఒకటి. పుస్తకాల్లో హార్మోన్లంటారు, ఆయన మాత్రం రసాలనేవాడు. మొదటిది ఎక్కువైతే కణాలు వేరు వైపు మొగ్గుతాయి, రెండోది ఎక్కువైతే చిగురు వైపు. రెండూ అదుపు తప్పి ఎక్కువైతే అది వేరూ కాదు, కొమ్మా కాదు. రూపం లేకుండా ఊరికే పెరుగుతుంది. అదే గడ్డ. సూక్ష్మజీవి చేసే దొంగపని ఏమిటంటే, గాయంలోంచి దూరి తన వారసత్వ పదార్థంలోంచి చిన్న ముక్కను మొక్క కణంలోకి చొప్పిస్తుంది. ఇక ఆ కణం ఆ రెండు రసాలనూ ఆపకుండా తనే వండుకుంటుంది. అంతటితో ఆగదు, ఆ సూక్ష్మజీవికి మాత్రమే పనికొచ్చే తిండి కూడా వండిపెడుతుంది. "ఇల్లు వీళ్ళది, వంట వీళ్ళది, భోంచేసేది వాడు," అని బాబాయి నవ్వేవాడు. ఈ సంగతులు శాస్త్రవేత్తలకే అప్పటికి కొత్త. నూజివీడులో ఒక అద్దె ఇంట్లో అవి వింటుంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచేది.

"మరి మందు కొట్టి ఆ సూక్ష్మజీవిని చంపేస్తే గడ్డ కరిగిపోతుందా?" అని అడిగాను.

"పోదు. అదే దీనిలో భయంకరమైన సంగతి. ఒకసారి లోపల రాతపడ్డాక గడ్డకు సూక్ష్మజీవితో పని లేదు. అది చచ్చినా గడ్డ పెరుగుతుంది. ఈ రసాలకు పెంచడం ఒక్కటే తెలుసు. వేరా, కొమ్మా, గడ్డా అన్నది వాటికి పట్టదు."

అప్పుడు ఆయన మొక్క గురించే మాట్లాడాడు. నేనూ మొక్క గురించే విన్నాను.

నాలుగు వరసల్నీ చూసే రోజు వచ్చింది. పందిట్లో పనివాళ్ళందరూ చేరారు. పక్క నర్సరీల వాళ్ళు కూడా ఏదో సంతకు వచ్చినట్టు వచ్చారు. అక్క వెనకాల స్తంభం దగ్గర నిలబడింది. ఇంటి కత్తితో గాటుపడ్డ రెండు వరసల్లోనూ, పెద్దమ్మ కోసిన వాటికీ అక్క కోసిన వాటికీ, కాండాల మీద బఠాణీ గింజలంత బుడిపెలు. ఉడికిన కత్తి తగిలిన రెండు వరసల్లోనూ గాట్లు శుభ్రంగా మానిపోయి సన్నటి గీతలు మిగిలాయి. పెదనాన్న, "అయితే దిష్టి కత్తికి తగిలిందన్నమాట!" అని నవ్వించబోయాడు.  పెద్దమ్మ తన వరస ముందు చాలాసేపు కూర్చుంది. ఒక బుడిపె మీద వేలు పెట్టి నొక్కి చూసింది. ఆవిడ మొండిది గాని అబద్ధాలకోరు కాదు. లేచి, అందరికీ వినపడేట్టు, "గడ్డ నా చేత్తో కూడా వచ్చింది. దాని చేతిలో దోషం లేదు. రేపట్నుంచి పనిలోకి రమ్మనండి," అంది.

నేను చప్పట్లు కొట్టాను. ఇంకొందరు కొట్టారు. బాబాయి ముఖం కొలిమిలా వెలుగుతోంది. అక్క ముందుకు వచ్చి, కుండీలను ఒకసారి చూసి, మెల్లగా అడిగింది. "నా చెయ్యి మంచిదని ఇన్ని మొక్కలు గుచ్చి రుజువు చేశారు బాబుగారూ. చెడ్డదని ఎన్ని మొక్కలు గుచ్చి రుజువు చేశారండీ?"

 మా సభల్లో మేం గంటలు గంటలు చెప్పేదంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. అది విని కూడా పెద్దమ్మ ఇంకో మాట అంది. గొంతులో కోపం లేదు. నిజానికి జాలే ఉంది.

"మొదటి కట్టు మాత్రం ఇంకెవరి చేతనైనా కట్టిద్దాం. రెండో దాన్నుంచి అది కడుతుంది."

"ఏంటి వదినా ఇది! ఇప్పుడేగా ఒప్పుకున్నావు!" బాబాయి కేకేశాడు.

"గడ్డ సంగతి చూపించావు, ఒప్పుకున్నాను. ఇది గడ్డ సంగతి కాదుగా."

 చుట్టుపక్కల సభల్లో ఎందరి నోళ్ళో మూయించిన బాబాయి, ఏ మొక్కను గుచ్చి దీన్ని చూపించాలో తోచక కుండీల వంక చూశాడు. నమ్మకం పుట్టడానికి గడ్డ కారణం. ఇప్పుడు ఆ కారణం చచ్చిపోయి కుండీల్లో కళ్ళ ముందే పడి ఉంది. నమ్మకానికి మాత్రం ఏమీ కాలేదు. అది తన తిండి తనే వండుకుంటోంది. అక్కే తేల్చేసింది. "వస్తానండి. రెండో దాన్నుంచే కడతాను." కొడుకు తినాలి. ఆమె అలా ఒప్పుకోవడానికి పేరు పెట్టే హక్కు నాకు లేదు. అప్పట్లో మాత్రం నేను దాన్ని ఓటమి అన్నాను, బాబాయి విననట్టు ఊరుకున్నాడు.

ఇంటి కత్తికి పసుపూ కుంకుమా పెట్టి దేవుడి గదిలో దాచేశారు. కొత్త కత్తులు రోజూ మరిగే నీళ్ళలో మునిగేవి. ఆడవాళ్ళు దాన్ని "కత్తులకి తలంటు" అని నవ్వుకునేవాళ్ళు. గడ్డలు చాలావరకు పోయాయి. పోనిది ఆ నిలబడటం. రోజూ పొద్దున్న అక్క వరస మొదట్లో, పట్టీ కొస పళ్ళ మధ్య పెట్టుకుని, ఎవరో ఒక ముత్తైదువ వచ్చి మొదటి కట్టు కట్టేదాకా నిలబడేది. మొదటి నెలల్లో తల దించుకుని నిలబడేది. తరవాత తల ఎత్తే నిలబడేది. ఆ తరవాత నాకు ఉద్యోగం, పెళ్ళి, వేరే ఊళ్ళు. వచ్చినప్పుడల్లా చూసేదాన్ని, అక్కడే నిలబడి ఉండేది. బాబాయి బతికున్నంతకాలం ఎన్ని సభల్లో మాట్లాడాడో. గెలిచిన ఈ ప్రయోగం గురించి ఒక్క సభలోనూ చెప్పలేదు.

కుండీలోంచి తీసిన గులాబీని కవర్లో చుట్టుకుని, నిన్న పొద్దున్నే మొదటి బస్సుకు నూజివీడు వెళ్ళాను. మొక్క కొన్నది మా నర్సరీలోనే. ఇప్పుడు పెద్దమ్మ మనవడు, అంటే మా అన్నయ్య కొడుకు, నా మేనల్లుడు, నడుపుతున్నాడు. బస్టాండు నుంచి ఎక్కిన ఆటో నిండా యూనివర్సిటీ పిల్లలు, ఒళ్ళో ల్యాప్‌టాప్ బ్యాగులు. తాటాకు పందిళ్ళు పోయి ఆకుపచ్చ షేడ్ నెట్లు వచ్చాయి. వెనక తోటలో చెట్లకు పూత తెప్పించడానికి మొదళ్ళలో మందు పోస్తున్నారట. చెట్టు లోపలి రసాలను మనిషి తనకు కావలసినట్టు తిప్పుకుంటున్నాడు. కవరు విప్పగానే మేనల్లుడు ఒక్క చూపులో చెప్పేశాడు.

"అగ్రోబ్యాక్టీరియం అనే సూక్ష్మజీవి అత్తయ్యా. బయటి నుంచి తెప్పించిన లాట్‌లో వచ్చుంటుంది. దీన్ని కాల్చేద్దాం, ఇంకోటి తీసుకెళ్ళు. మేం ప్రతి కోతకీ బ్లేడు స్పిరిట్‌లో ముంచుతాం."

దిష్టి అనలేదు. చెయ్యి అనలేదు. ఆ మాట వినడానికి బాబాయి లేకపోయాడే అని నాకు కళ్ళు చెమర్చాయి. అప్పుడు నెట్ కింద చూశాను. ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. కొమ్మలు కోసి సిద్ధంగా ఉన్నాయి, స్పిరిట్ డబ్బాలు తెరిచి ఉన్నాయి, ఎవరూ చెయ్యి కదపడం లేదు. "మా ఆవిడ రావాలి అత్తయ్యా, మొదటిది కట్టాక మొదలెడతారు. అదో అలవాటు," అని వాడు మోగుతున్న ఫోను ఎత్తుకుని అవతలికి పోయాడు.

నేను వాళ్ళ దగ్గరకు వెళ్ళి ఎందుకు ఆగారని అడిగాను. "ఓనరుగారు మొదలెట్టాలిగా అండి," అంది ఒకామె. "కాదంట, మన చేత్తో మొదలెడితే కన్ను పట్టదంట," అంది ఇంకొకామె. "నీకేం తెలుసే, శుక్రవారం పూటే అలాగ," అంది మూడో ఆమె. నిన్న శుక్రవారం కాదు. చివర ఇంకొకామె నిలబడి ఉంది. నుదుట పెద్ద బొట్టు, పళ్ళ మధ్య పట్టీ కొస. పట్టీని అలా పట్టుకున్న మనిషిని నేను ఒక్కరినే ఎరుగుదును. అడిగితే అక్క కోడలేనని తేలింది. అక్క పోయి చాన్నాళ్ళయిందట.

"మా అత్తగారు రోజూ ఇలాగే ఆగేదండి. పాతకాలం మనిషి కదా, ఓనరమ్మ మీది మర్యాదకి ఆగుద్దనుకునేదాన్ని. నాకు పని నేర్పింది ఆవిడే. ఆవిడ ఆగింది, నేనూ ఆగుతున్నా."

చెప్పాలా వద్దా అని నేను ఆలోచించలేదు. చెప్పాను. గడ్డలు, నాలుగు వరసలు, బఠాణీ గింజలంత బుడిపెలు, అక్క అడిగిన ప్రశ్న, పెద్దమ్మ అన్న ఆఖరి మాట. వింటూ వింటూ ఆమె పట్టీని పళ్ళలోంచి తీసి చేతికి చుట్టుకుంది.

"మా అత్తగారి చెయ్యాండీ?" అంది. కాసేపు తన చేతుల వంకే చూసుకుంది. "మాకెప్పుడూ చెప్పలేదండి."

అంతలో స్కూటీ ఆగింది. మేనల్లుడి భార్య, మంచి పిల్ల, "సారీ అత్తయ్యగారూ, పాప స్కూలు బస్సు లేటయింది," అని నవ్వుతూ వచ్చి, చెప్పులు విడిచి, మొదటి మొక్కకు గబగబా నాలుగు చుట్లు చుట్టి, దండం పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది. ఆ కట్టు వైపు చూసి నాకే నవ్వొచ్చింది. నా చిన్నప్పటి జడ కట్టు లాంటిదే. అక్క కోడలు ఆఫీసు గది తలుపు మూసుకునేదాకా చూసింది. తరవాత వంగి ఆ కట్టును మొత్తం విప్పేసి, కన్నును సరిచేసి, పట్టీ కొస పళ్ళలో పెట్టుకుని, తల ఒక్కసారి పక్కకు తిప్పింది. కట్టు బిగిసింది.

"రోజూ ఇంతేనండి. లేకపోతే ఇది బతకదు. మా అత్తగారు కూడా రోజూ విప్పి కట్టేది. అదీ ఆవిడ నేర్పిందే."

ఇన్నేళ్ళూ మొదటి కట్టు ఎవరిదో అప్పుడు తెలిసింది నాకు. "రేపు కూడా ఆగుతావా?" అని అడిగాను. ఆమె రెండో మొక్క అందుకుంది. పట్టీ పళ్ళ మధ్య ఉంది. మాట్లాడలేక కాదు, వాళ్ళ అత్తగారిలాగే ఆమె కూడా పట్టీతోనే మాట్లాడగలదు. తల పక్కకు తిప్పి ఆ కట్టూ బిగించింది.

తిరుగు బస్సులో కొత్త గులాబీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పాతదాన్ని నా కళ్ళ ముందే కాల్చేశారు. పచ్చి గడ్డ చాలాసేపు పొగలు కక్కింది గాని త్వరగా అంటుకోలేదు. అన్నీ కాలమే సరిచేస్తుందని నాతో వాదించినవాళ్ళు చాలామంది. వాళ్ళకు చెప్పాల్సిన జవాబు బాబాయి నాకు ఎప్పుడో చెప్పాడు, నేనే అది మొక్కల గురించి అనుకున్నాను. కాలానికి పెంచడం ఒక్కటే తెలుసు; వేరా, కొమ్మా, గడ్డా అన్నది దానికి పట్టదు.